ప్రాగ్‌కా, బుడాపెస్ట్‌కా? పెద్దవాళ్లతో మూడు రోజులు

ఇసార్_తీరం:
మేము మ్యూనిక్‌లో ఉంటాం. అక్టోబర్‌లో మూడు రోజులు ఎక్కడికైనా వెళ్దామని ప్లాన్. ప్రాగ్, బుడాపెస్ట్ మధ్య తేల్చుకోలేకపోతున్నాం. మాతో ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు ఇద్దరు ఉంటారు. ఇద్దరికీ 65 దాటాయి, ఒకరికి మోకాళ్ల నొప్పులు. రెండు ఊళ్లూ కలిపి చూసెయ్యమని మాత్రం చెప్పకండి, ఒక్క ఊరే. రెండూ చూసినవాళ్లు ఏమంటారు?

రైలుపిచ్చి:
ప్రాగ్‌కి డైరెక్ట్ రైలు, దాదాపు ఆరు గంటలు. బుడాపెస్ట్‌కి రైల్‌జెట్ అనే ఎక్స్‌ప్రెస్ రైలు, వియన్నా మీదుగా దాదాపు ఏడు గంటలు. ఆ ఒక్క గంట చూసుకుని ఊరు ఎంచుకోవద్దు. సీట్లు మాత్రం ముందే రిజర్వ్ చేసుకోండి, పెద్దవాళ్లని నిలబెట్టి తీసుకెళ్లలేరు.

పెస్ట్_వైపు:
బుడాపెస్ట్. నేను ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాను, పక్షపాతం అనుకుంటే అనుకోండి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి నదికి తూర్పున ఉన్న పెస్ట్ వైపంతా చదును నేల. 2వ నంబర్ ట్రామ్ ఎక్కి నది వైపు సీట్లో కూర్చుంటే డాన్యూబ్ ఒడ్డు వెంబడే వెళ్తుంది. పార్లమెంట్, చైన్ బ్రిడ్జి, అవతలి గట్టున కోట, అన్నీ కూర్చునే చూడొచ్చు. ఆ కోట ఉన్న కొండ మీదికి డెయాక్ తేర్ కూడలి నుంచి 16వ నంబర్ బస్సు ఉంది, కొండెక్కించే ఫ్యునిక్యులర్ రైలు క్యూలో నిలబడక్కర్లేదు. సాయంత్రం దీపాలు వెలిగాక ఒక బోటు ఎక్కారంటే ఆ రోజుకి చాలు. అదే ప్రాగ్ పాత పట్నం అయితే మొత్తం రాళ్లు పరిచిన దారులే. చార్లెస్ బ్రిడ్జి పొడవు 516 మీటర్లు, దాని మీద బండ్లు తిరగవు, ఎప్పుడూ జనమే. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషిని ఆ తోపులాటలో నడిపిస్తారా?

కృష్ణకాలువ:
బ్రిడ్జి మొత్తం నడవమని ఎవరన్నారు? మధ్యదాకా వెళ్లి, నాలుగు విగ్రహాలు చూసి, వెనక్కి రావచ్చు. 1357లో మొదలుపెట్టిన వంతెన, మీద 30 విగ్రహాలు. పొద్దున్నే వెళ్తే తోపులాట ఉండదు. పాత పట్నం కూడలిలో 1410 నాటి గడియారం ఉంది, గంట కొట్టినప్పుడల్లా పైన కిటికీల్లో పన్నెండుమంది అపొస్తలుల బొమ్మలు కదులుతాయి. మా నాన్నగారు అది చూసి, ఇంకో గంట కూర్చుని మళ్లీ చూశారు.

ఇక ప్రాగ్ కోట సంగతి. 22వ నంబర్ ట్రామ్‌లో ప్రాజ్‌స్కీ హ్రాద్ స్టాప్‌లో దిగితే నేరుగా పైనే దిగుతారు. కొండ ఎక్కే పనే లేదు. ఇంకో ముఖ్యమైన విషయం, ప్రాగ్‌లో 65 దాటినవాళ్లకి ట్రామ్, మెట్రో, బస్సు ఉచితం. వయసుకి పాస్‌పోర్ట్ చూపిస్తే చాలు. బుడాపెస్ట్‌లో ఆ వయసు రాయితీ యూరోపియన్ యూనియన్ పౌరులకి. మనవాళ్లు టికెట్ కొనాల్సిందే.

పెస్ట్_వైపు:
పైన దిగుతారు, బాగుంది. మరి కిందికి ఎలా వస్తారు? కోట నుంచి దిగే నెరుడోవా వీధి ఏటవాలు ఎంతో మీకు తెలుసు. మోకాళ్లకి ఎక్కడం కన్నా దిగడమే కష్టం.

కృష్ణకాలువ:
అదే ట్రామ్‌లో కిందికి వస్తారు. 22వ నంబర్ రెండు వైపులా తిరుగుతుందండీ.

పెస్ట్_వైపు:
అలా అయితే మీరు చెప్పే ప్రాగ్‌లో చార్లెస్ బ్రిడ్జి సగం, కోట పైభాగం, ట్రామ్ స్టాపులు. ఇంతేనా? కోట కింద ఉన్న మాలా స్ట్రానా పేట సందుల్లో నడవకుండా ప్రాగ్ చూశామంటే ఎవరైనా ఒప్పుకుంటారా?

టీ_గ్లాసు:
తిండి సంగతి ఎవరూ అడగలేదు. గూలాష్‌లో మామూలుగా గొడ్డు మాంసమే వేస్తారు, రెండు ఊళ్లలోనూ మెనూలో ఉంటుంది. ఆర్డర్ చేసే ముందు అడగండి. ప్రాగ్‌లో స్మాజెని సీర్ అని వేయించిన చీజ్ దొరుకుతుంది. బుడాపెస్ట్‌లో లాంగోష్, నూనెలో వేయించిన రొట్టె. వెల్లుల్లి రాసి ఇస్తారు, మనవాళ్లకి నచ్చుతుంది.

వియన్నా_నుంచి:
రెండు చోట్లా యూరో కాదు, కొరునా, ఫోరింట్. మా తమ్ముడు ప్రాగ్‌లో ‘కమిషన్ లేదు’ అనే బోర్డు చూసి మార్చుకుని, చేతికి వచ్చింది లెక్కపెట్టుకుని తల పట్టుకున్నాడు. ఎవరికైనా అలా జరిగితే రసీదు పారెయ్యకండి. 2019 నుంచి చెక్ చట్టం ప్రకారం 1000 యూరోల దాకా మార్చుకున్నది మూడు గంటల్లోపు రద్దు చేసుకోవచ్చు. అసలు కార్డు వాడుకుంటే ఈ గొడవే లేదు. మిషన్ యూరోల్లో చెల్లిస్తారా అని అడిగితే వద్దని, అక్కడి కరెన్సీయే నొక్కండి.

కృష్ణకాలువ:
@పెస్ట్_వైపు, ఉచిత ప్రయాణం గురించి మీరు మాట్లాడలేదు.

పెస్ట్_వైపు:
ట్రామ్ టికెట్ డబ్బులు మిగులుతాయని ఊరు మార్చుకుంటామా? ఇద్దరికీ మూడు రోజుల పాస్ కొన్నా పెద్ద ఖర్చేమీ కాదు.

కృష్ణకాలువ:
డబ్బు గురించి కాదు. బుడాపెస్ట్‌లో పార్లమెంట్ లోపలికి వెళ్లాలన్నా అంతే. యూరోపియన్ యూనియన్ వాళ్లకి ఒక ధర, మనకి దాదాపు రెట్టింపు. పెద్దవాళ్లు టికెట్ కిటికీ దగ్గర ఆ రెండు ధరలూ చదువుతారు కదా. మా నాన్నగారు చదివారు. లోపలికి రానని బయట కూర్చున్నారు.

పెస్ట్_వైపు:
మన తాజ్‌మహల్ దగ్గర విదేశీయులకి ఎంత రాస్తారో కూడా చదివితే బాగుండేది.

టీ_గ్లాసు:
😄

కృష్ణకాలువ:
నవ్వండి. ప్రతిసారీ మీదీ ఇదే వరస. ఎవరు ఏ ఊరు అడిగినా మీరు బుడాపెస్ట్ అంటారు, ఎవరైనా ఏదైనా ఇబ్బంది చెప్తే ఎగతాళి చేస్తారు.

పెస్ట్_వైపు:
ఎందుకంటే మనవాళ్లంతా ప్రాగ్ వెళ్లి గడియారం ముందు ఫొటో దిగి వస్తారు. బుడాపెస్ట్ దాకా వచ్చేది తక్కువమంది. 1896లో యూరప్ ఖండంలో మొదటి అండర్‌గ్రౌండ్ మెట్రో వేసింది ఈ ఊళ్లోనే, పసుపు పెట్టెలతో ఇప్పటికీ నడుస్తోంది. ఆ లైన్లోనే వెళ్లి సేచెని బాత్స్ అనే వేడినీటి స్నానశాల దగ్గర దిగొచ్చు. 1913 నాటి భవనం, బయట చలిలో 38 డిగ్రీల దాకా వేడి నీళ్లు. మోకాళ్ల నొప్పులకి అంతకన్నా ఏం కావాలి? ప్రాగ్‌లో అలాంటిది చూపించండి.

కృష్ణకాలువ:
ఆ మెట్రోలో చాలా స్టేషన్లకి లిఫ్ట్ లేదు, మెట్లు దిగాలి. మోకాళ్ల మాట మీరే ఎత్తారు కాబట్టి చెప్తున్నాను.

బాత్స్ సంగతి చెప్తాను. అక్కడ స్విమ్‌సూట్ లేకుండా నీళ్లలోకి దిగనివ్వరు. మా అమ్మ జన్మలో వేసుకోదు. అయినా ‘ఇంత దూరం వచ్చి వదిలేస్తామా’ అని మేమంతా లోపలికి వెళ్లాం. అమ్మ చీర కట్టుకుని, మా బట్టల సంచులు ఒళ్లో పెట్టుకుని బయట పార్కులో బెంచీ మీద కూర్చుంది. మేము వచ్చేసరికి సాయంత్రమైంది. ఏమీ అనలేదు, అందరినీ తలలు తుడుచుకోమంది. ఇప్పటికీ ఎవరైనా బుడాపెస్ట్ అంటే నాకు అదే గుర్తొస్తుంది.

పెస్ట్_వైపు:
అది బాధాకరమే. కానీ అది ఊరి తప్పు కాదు కదా.

కృష్ణకాలువ:
ఊరి తప్పు అని నేను అనలేదు. మోకాళ్ల కోసం బాత్స్ అని మీరు రాశారు. ఆ మోకాళ్లు ఉన్న మనిషి నీళ్లలో దిగుతుందా అని అడిగారా?

ఇసార్_తీరం:
కొంచెం ఆగండి, ఇద్దరూ. ఒక మాట చెప్పాలి. వచ్చేది మా అత్తగారు, మామగారు. మోకాళ్ల నొప్పి అత్తగారికి. బుడాపెస్ట్ అన్నది మా ఆయన, ఆ బాత్స్ కోసమే. అత్తగారు దిగరు. దిగకపోతే ఆవిడతో పాటు బయట కూర్చునేది ఎవరో మీకు చెప్పక్కర్లేదు. ప్రాగ్ అన్నది నేను, నిజానికి ప్రాగ్ మీద ప్రేమతో కాదు.

టీ_గ్లాసు:
ఇది మొదటి పోస్ట్‌లో రాసి ఉంటే ట్రామ్ నంబర్లు ఇంతగా కంఠస్థం అయ్యేవి కావు.

పెస్ట్_వైపు:
అయితే ఇది ఊరి ప్రశ్నే కాదు. మీవారితో మాట్లాడాల్సిన విషయం. నా అభిప్రాయం అడిగితే, నలుగురూ ఎప్పుడూ కలిసే తిరగాలని రూలేమీ లేదు. పెద్దవాళ్లు ఒక పూట హోటల్లో పడుకుంటే కొంప మునగదు. వాళ్లకీ విశ్రాంతి కావాలి. మనం ప్రతి నిమిషం వాళ్ల చుట్టూ తిరిగితే వాళ్లకే ఇబ్బంది.

కృష్ణకాలువ:
విశ్రాంతి పేరుతో వదిలేసి వెళ్లడం వేరు. అంత దూరం నుంచి రప్పించి, మూడు రోజుల్లో ఒక పూట హోటల్ గోడలు చూడమంటారా? ఇంట్లోనే ఉంటే వాళ్లకి కనీసం టీవీలో తెలుగు వస్తుంది.

పెస్ట్_వైపు:
వాళ్లని అడక్కుండా వాళ్ల తరఫున బాధపడుతున్నది మీరు. మీ అమ్మగారు బెంచీ మీద హాయిగా కూర్చున్నారేమో.

కృష్ణకాలువ:
మా అమ్మ గురించి ఇక మాట్లాడొద్దు.

వియన్నా_నుంచి:
ఆ వాక్యం తీసేస్తే బాగుంటుందండీ.

పెస్ట్_వైపు:
సరే, అది అనకుండా ఉండాల్సింది. కానీ అడగమన్న మాట మీద ఉన్నాను.

ఇసార్_తీరం:
రాత్రి అడిగాను. మామగారు మ్యాప్ తెరిచి మరీ బుడాపెస్ట్ అన్నారు, పార్లమెంట్ లోపల చూడాలట. రెండు ధరల సంగతి చెప్తే ‘పోనీలే అమ్మా’ అన్నారు. అత్తగారు మాత్రం బోటు ఉంటే చాలు, రోజంతా నడిపించొద్దు అన్నారు. బాత్స్ విషయంలో ఒక పూట మా ఆయన వెళ్తారు, ఒక పూట నేను. మిగతావాళ్లం ఆ టైంలో 2వ నంబర్ ట్రామ్‌లో ఉంటాం.

పెస్ట్_వైపు:
పార్లమెంట్ టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి, అప్పటికప్పుడు దొరక్కపోవచ్చు. సెక్యూరిటీ చెకింగ్ ఉంటుంది, పెద్ద బ్యాగులు తీసుకెళ్లొద్దు.

కృష్ణకాలువ:
ముందు మీ పూట వెళ్లండి, ఆయనది రెండో రోజు పెట్టండి. వానొస్తే ఎవరిది రద్దవుతుందో నాకు తెలుసు.

రైలుపిచ్చి:
తిరుగు రైలు ఏ రోజు? ఆదివారం సాయంత్రం అయితే ఈరోజే బుక్ చేసుకోండి.