తిరపతి క్షవరం అంటే మోసమా, బద్ధకమా?

చట్నీపొడి:
మాది నెల్లూరే గానీ పెరిగిందంతా బెంగళూరు, అందుకని కొన్ని మాటలు అర్థమవుతాయి గానీ వాడటం రాదు. మా కార్పెంటర్ వంటింటి కప్‌బోర్డుల తలుపులన్నీ ఊడదీసి హాల్లో గోడకి ఆనించి, రెండ్రోజుల్లో వస్తానని పోయాడు, ఫోన్ చేస్తే దార్లో ఉన్నా అంటాడు. మా అమ్మేమో "వాడి పనంతా తిరపతి క్షవరం లే" అంది. అంటే మోసగాడనా? ఆఫీసులో చేస్తానని చెయ్యనివాళ్ళని కూడా అనొచ్చా?

పులిహోర_పొట్లం:
మోసం అని కాదండీ. వెనకటికి కొండ మీద గుండుకి జనం బారులు కట్టేవాళ్ళు, క్షవరం చేసేవాళ్ళు బేరం పోకుండా ఒకళ్ళ నెత్తిన నాలుగు గీతలు గీసి కూర్చోబెట్టి, ఇంకోళ్ళ తల తడిపేసి, మూడోవాళ్ళ దగ్గరికి పోయేవాళ్ళని చెప్పుకుంటారు. సగం గొరిగిన తలతో ఎక్కడికి పోతాం? ఇప్పుడైతే కల్యాణకట్టలో దేవస్థానం వాళ్ళే ఉచితంగా చేస్తారు, ఆ గొడవే లేదు, మాట మాత్రం ఉండిపోయింది.

కారప్పూస:
కరెక్టే, కాకపోతే అసలు కిటుకు సగంలో ఆపడం కాదు, మనల్ని ఇంకోచోటికి పోనివ్వకుండా చెయ్యడం. మా వీధి టైలర్ బ్లౌజు గుడ్డ ఇవ్వగానే మన కళ్ళముందే కత్తిరించేసి, ఒక్క చెయ్యి కుట్టి కొక్కేనికి తగిలిస్తాడు, వేరేవాళ్ళు కత్తిరించిన గుడ్డ ఇంకో టైలర్ ముట్టుకోడు కదా, ఇక పెళ్ళి ముందురోజు దాకా ఆయన చుట్టూ తిరగడమే. ఆఫీసులో వస్తానని రానివాడికి హ్యాండిచ్చాడు అంటే చాలు. మొదలెట్టి నావల్ల కాదంటే చేతులెత్తేశాడు. ఆశపెట్టి ఏమీ ఇవ్వకపోతే మొండిచెయ్యి చూపించాడు. అన్నీ చేతులే :)

ఓరుగల్లు_పోరడు:
మా దిక్కు గూడ హ్యాండిచ్చిండు అనుడే ఎక్కువ, తిరపతి క్షవరం మా నాయనమ్మ నోట్లకెల్లి విన్న. ఒకటి యాదివెట్టుకోన్రి అన్నా, అది పనిని అంటరు, మనిషిని కాదు, "వాడు తిరపతి క్షవరం" అంటే నవ్వుతరు. మా గల్లీల పైపులని రోడ్డు తవ్విన్రు, పైపులు ఒడ్డుకేసిన్రు, ఇంకో గల్లీల తవ్వవోయిన్రు. గది అసలైన తిరపతి క్షవరం, బండి యాడ వెట్టాల్నో సమజైతలేదు.