ప్రతి వాక్యం నిజమే అయినప్పుడు చరిత్రను వక్రీకరించారని అనొచ్చా?

హన్మకొండ అక్క
మా చెల్లె బిడ్డ డిగ్రీ రెండో సంవత్సరం. కాకతీయుల మీద వచ్చిన ఒక వీడియో చూసి ఇంగ్లిష్‌లో సమీక్ష రాయమన్నారు. వీడియోలో చెరువులున్నాయి, 1213 నాటి రామప్ప గుడి ఉంది, నీళ్ల మీద తేలే ఇటుకలున్నాయి, 2021లో వచ్చిన యునెస్కో గుర్తింపు ఉంది, రుద్రమదేవి ఉంది. మేడారం మాట మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. అందుకని పిల్ల చరిత్రను 'డిస్టార్ట్' చేశారని, అంటే వక్రీకరించారని రాసింది. లెక్చరర్ ఆ మాట కొట్టేసి పైన 'స్లాంట్' అని రాశారు. చెప్పినవాటిలో అబద్ధం లేదు కాబట్టి అంత పెద్ద మాట వద్దట. నాకైతే పిల్లే కరెక్ట్ అనిపిస్తోంది. చూసినవాళ్లకు తప్పు బొమ్మే మిగిలినప్పుడు మెత్తటి మాట ఎందుకు? మీరేమంటారు?

కాజీపేట జంక్షన్
లెక్చరర్ వైపే నా ఓటు. డిస్టార్ట్‌లో ఉన్న 'టార్ట్' లాటిన్‌లో మెలిపెట్టడం. టార్చర్, ఎక్స్‌టార్షన్ కూడా ఆ కుటుంబమే. అంటే ఉన్నదాని ఆకారం మారాలి. స్లాంట్ అంటే వస్తువు అదే, ఒక పక్కకు ఒరిగింది.

డిస్టార్షన్‌కు మన దగ్గరే అసలైన ఉదాహరణ ఉంది. మార్కో పోలో కాకతీయుల రేవు మోటుపల్లిని 'ముత్ఫిలి' అన్నాడు, అక్కడి రాణి, అంటే మన రుద్రమ, భర్త చనిపోయాక నలభై ఏళ్లు ఏలిందని రాశాడు. రుద్రమ గణపతిదేవుడి భార్య కాదు, కూతురు. బిడ్డను భార్యను చేశాడు, అదీ ఆకారం మారడమంటే. మీ వీడియోవాళ్లు అలాంటిదేమీ చేయలేదు కదా.

ములుగు దారి
అన్నా, మార్కో పోలో ఎవరో చెప్పింది విని రాసుకున్నాడు. ఆయన పొరపాటుకు పెద్ద మాట, తెలిసి వదిలేసినవాళ్లకు చిన్న మాటా?

మా దగ్గర చెప్పుకునేది ఇది. కరువొచ్చి కోయలు కప్పం కట్టలేకపోతే కాకతీయ సైన్యం మేడారం మీదికి వచ్చింది. పగిడిద్దరాజు, సారలమ్మ పోరులో ఒరిగారు. జంపన్న వాగులో పడ్డాడు, సంపెంగ వాగు అప్పటి నుంచే జంపన్న వాగయింది. సమ్మక్క చిలకలగుట్ట మీద కనిపించకుండా పోయింది. రెండేళ్లకోసారి లక్షల మంది వచ్చి ఆ వాగులో మునిగి, గద్దెలకు మొక్కి పోతారు. ఇదే నేల మీద తీసిన వీడియోకు రామప్ప చెరువు కనిపించి జంపన్న వాగు కనిపించలేదంటే, అది కంటికి ఆనక కాదు.

రిటైర్డ్ చరిత్ర సారు
ఆవేశం వద్దు తమ్మీ. మేడారం యుద్ధానికి కాకతీయ శాసనాల్లో ఆధారం చూపలేం. అది మౌఖిక సంప్రదాయం. దాని విలువ దానికుంది, నేనూ మొక్కుతాను. కానీ శాసనాల మీద ఆధారపడి చెప్పే మనిషి దాన్ని చెప్పకపోతే స్లాంట్ అనడం కూడా ఎక్కువే.

ములుగు దారి
సారూ, శాసనాలు ఎవరు చెక్కించారు? వేయిస్తంభాల గుడిలో 1163 నాటి శాసనం రుద్రదేవుడిది. ఎవరెవరిని ఓడించాడో ఆయనే చెక్కించుకున్నాడు. ఓడినవాళ్ల రాయి ఎక్కడుంది? రాయి మీద ఉంటే చరిత్ర, నోట్లో ఉంటే కథ అనడంలోనే సగం స్లాంట్ అయిపోయింది.

కొత్తవాడ మగ్గం
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. వంకర పోవడాన్ని ఇంగ్లిష్‌లో 'వార్ప్' అని కూడా అంటారు కదా. దర్రీలు నేసేవాళ్లకు వార్ప్ అంటే పడుగు. పడుగు తిన్నగా లేకపోతే దర్రీయే లేదు, మరి ఆ మాటకు వంకర అనే అర్థం ఎట్లొచ్చింది?

కాజీపేట జంక్షన్
పాత ఇంగ్లిష్‌లో దానికి విసరడం అని అర్థం. ఒక దారిలో మగ్గం మీద పరిచే దారమైంది, ఇంకో దారిలో కర్ర వంగిపోవడమైంది. మీ పడుగుకు ఏ మచ్చా లేదు లెండి.

రిటైర్డ్ చరిత్ర సారు
ములుగు తమ్ముడు అడిగింది మంచి ప్రశ్న, దాటేయను. రాజును పొగిడే ప్రశస్తి శాసనం రాజు గొంతే. అందుకే మేం దాన్ని ఒకలా, దాన శాసనాన్ని ఇంకోలా చదువుతాం. నల్గొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం ఉంది. పువ్వుల ముమ్మడి అనే అతను, శివలోకానికి చేరిన రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుల పుణ్యం కోసం భూమి దానమిచ్చాడు. రాణి ఎప్పుడు పోయిందో లోకానికి చెప్పాలని అతను చెక్కించలేదు. దానం సంగతి చెబుతూ అది కూడా చెప్పాడు. ఎవరినీ మెప్పించడానికి కాదు కాబట్టి ఆ ముక్కను ఎక్కువ నమ్ముతాం.

అయితే ఆమె ఎలా చనిపోయిందో ఆ శాసనంలో లేదు. ఆమె మీద తిరగబడ్డ సామంతుడు అంబదేవుడితో యుద్ధంలో అనేది చరిత్రకారుల ఊహ, గట్టి ఊహే. 'అంబదేవుడు చంపాడని చందుపట్ల శాసనం చెబుతోంది' అని ఎవరైనా అన్నారనుకోండి, దానికి డిస్టార్ట్ అనే మాటను నేనే ముందు వాడతాను. లేని మాటను రాయి నోట్లో పెట్టడమది. అక్కా, వీడియోలో ఈ ముక్క ఎలా చెప్పారో చూడండి.

భద్రకాళి కట్ట
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. ఇంగ్లిష్‌లో 'గార్బుల్' అనే మాటుంది. ఇప్పుడు కలగాపులగం చేయడమనే అర్థంలో వాడుతున్నారు, ఫోన్‌లో మాట సరిగా వినపడకపోతే అంటాం చూడండి. మొదట్లో దాని అర్థం జల్లించడం. అరబ్బీలో జల్లెడకున్న పేరు నుంచి మసాలా దినుసుల వ్యాపారంతో యూరప్‌కు పోయింది. దినుసుల్లో చెత్త ఏరేసేవాళ్లను లండన్‌లో గార్బ్లర్లు అనేవాళ్లు. తర్వాత, ఒకరి రాతలోంచి తనకు కావలసిన ముక్కలే ఏరి మోసపుచ్చడాన్ని గార్బుల్ అన్నారు. అక్క చెప్పిన వీడియో చేసిన పని అచ్చం ఇదే. కావలసింది పైన ఉంచుకుని మేడారాన్ని కిందికి జల్లేశారు.

కానీ ఈ మాట రాస్తే లెక్చరర్ దాన్నీ కొట్టేస్తారు. ఆ అర్థం ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

హన్మకొండ అక్క
బాగుంది గానీ పిల్లకు మార్కులు రావాలి కదా! 'బయాస్' అని రాస్తే సరిపోదా?

భద్రకాళి కట్ట
బయాస్ మనిషికి బాగా నప్పుతుంది. బౌల్స్ అని గడ్డి మీద బంతి దొర్లించే ఆట ఒకటుంది. అందులో బంతి తిన్నగా పోకుండా వంపు తిరిగేలా ఒక పక్క మొగ్గు పెడతారు. ఆ మొగ్గు పేరే బయాస్. ఎంత తిన్నగా వదిలినా అది పక్కకే పోతుంది. అంటే తీసినవాళ్లు కావాలని చేయకపోయినా, వాళ్లు పెరిగిన తీరు వల్ల మేడారం తట్టకపోయి ఉండొచ్చు. 'స్పిన్' మాత్రం వద్దు. ఒకరి లాభం కోసం తెలిసి తిప్పితేనే స్పిన్ అంటారు, రాజకీయాల్లో వాడే మాట. వీళ్ల మనసులో ఏముందో మనకు తెలియదు.

ములుగు దారి
అక్కా, ఇంత మాట్లాడుకున్నాం, ఒక్క సంగతి అడగలేదు. ఆ వీడియో పేరేంటి?

హన్మకొండ అక్క
'కాకతీయుల సంపూర్ణ చరిత్ర.'

ములుగు దారి
ఇంకేం కావాలి! సంపూర్ణం అని బోర్డు పెట్టి సగం చూపించారు.

కాజీపేట జంక్షన్
ఇది ముందే చెబితే నా మొదటి పోస్టు వేరేలా ఉండేది. 'కాకతీయుల చెరువులు, గుళ్లు' అని పేరు పెట్టుకుంటే మేడారం లేకపోవడం తప్పే కాదు. 'సంపూర్ణ' అన్నాక లోపల ప్రతి వాక్యం నిజమైనా పైన పెట్టిన పేరు నిజం కాదు. దీనికి 'మిస్‌రిప్రజెంట్' రాయమనండి. లేనిదాన్ని ఉన్నట్టు చూపడం. డిస్టార్ట్ మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

రిటైర్డ్ చరిత్ర సారు
యూట్యూబ్‌లో 'సంపూర్ణ' అంటే దుకాణం బోర్డు మీద 'నంబర్ వన్' లాంటిది. దాన్ని పట్టుకుని కేసు పెట్టలేం. స్లాంట్ చాలు.

ములుగు దారి
దుకాణం బోర్డు చూసి ఎవరూ పరీక్ష రాయరు సారూ. ఈ వీడియో చూసి పిల్లలు రాస్తున్నారు.

హన్మకొండ అక్క
పిల్ల ఇవన్నీ చదివింది. లెక్చరర్ రాసిన స్లాంట్‌ను వీడియో లోపలికి, మిస్‌రిప్రజెంట్‌ను వీడియో పేరుకు వాడుతుందట. డిస్టార్ట్ ఇంకా వదల్లేదు. సారు చెప్పిన చందుపట్ల ముక్క కోసం వీడియో మళ్లీ పెట్టుకుంది. రుద్రమ చనిపోయిన చోట శాసనం పేరెత్తి, అంబదేవుడే చంపాడని అందులో ఉన్నట్టు చెప్పారట. సారూ, ఇప్పుడు ఆ మాట ఉంచమంటారా?

రిటైర్డ్ చరిత్ర సారు
ఆ ఒక్క చోట ఉంచమ్మా. ఎన్నో నిమిషంలో ఉందో పక్కన రాయమను.