ఈ ఊరికి కొత్తగా వచ్చాను, రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు, ఇక్కడి తెలుగువాళ్ళ గ్రూపులో చేరితే ఏమైనా తేడా ఉంటుందా?

అందరికీ నమస్కారమండి. వచ్చి మూడు నెలలైంది. ఆఫీసు, రూము, మళ్ళీ ఆఫీసు. మనవాళ్ళతో కలిస్తే ఈ టెన్షన్ తగ్గుతుందా, లేక టైం వేస్టా?

– తమ్ముడూ, రేపే చేరు. నువ్వు అడగలేదు గానీ ముందొకటి చెప్తా, ఇంట్లో దిగేముందు గది గదికీ ఫోటోలు తీసుకో. నేను తీసుకోలేదు, ఖాళీ చేసేటప్పుడు ఓనరు గోడ మీద మరక చూపించి అడ్వాన్సు ఇవ్వనన్నాడు, ఆ మరక నేను రాకముందు నుంచీ ఉంది! పది రోజులు ముద్ద దిగలేదు, తప్పంతా నాదే అనిపించేది. మన గ్రూపు ఆదివారం వాలీబాల్ దగ్గర నోరు విప్పితే ఇద్దరు "మాకూ ఇదే అయింది" అన్నారు. ఒకాయన పక్కన కూర్చుని నేను రాసిన ఉత్తరంలో తిట్లన్నీ పెన్నుతో కొట్టేసి తేదీలు మాత్రం ఉంచాడు. తర్వాత సగం డబ్బే వచ్చింది, కానీ నిద్ర మాత్రం ఆ రాత్రే పట్టింది.

– అన్నగారి మాట నిజమే గానీ పేరుకి చేరితే సరిపోదండి, ఇది నాది అనిపించాలి. 2001లో బ్రిటన్‌లో హాస్లమ్, రైకర్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 15 మందిని ఖైదీలు, గార్డులుగా విడదీసి చూశారు. ఖైదీలు ఒక్కటయ్యేకొద్దీ ఒత్తిడికి తట్టుకున్నారు, అధికారం చేతిలో ఉన్న గార్డులేమో తమలో తాము కలవలేక నలిగిపోయారు. ఇంకోటి, మనవాళ్ళ మధ్యే ఉండిపోకండి. షెల్డన్ కోహెన్ అనే సైకాలజిస్టు 1997లో 276 మందికి ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి చూస్తే, రకరకాల సంబంధాలు ఉన్నవాళ్ళకి జలుబు తక్కువగా పట్టింది. ఆఫీసువాళ్ళు, పక్కింటివాళ్ళు కూడా కావాలి.

– జలుబు సంగతి సరేనమ్మా, ఏడుపొస్తే ఏ భాషలో ఏడుస్తాడు ఆ అబ్బాయి? ముందు మనవాళ్ళు, తర్వాతే మిగతావాళ్ళు.

– ఆ ఒక్క గ్రూపులోనే గొడవొస్తే? నాకొచ్చింది అన్నగారూ, ఆర్నెల్లు ఫోన్ చేసేవాళ్ళే లేరు.

– మీ ఇద్దరి వాదన తర్వాత. బాబూ, నిద్ర లేకుండా వారాలు గడుస్తుంటే డాక్టర్‌కి చూపించు, గ్రూపు దానికి బదులు కాదు. ఈ ఆదివారం ఒక గంట ముందే రా, నెట్ కట్టడానికి ఒక మనిషి తక్కువయ్యాడు. ఆడటం రాకపోయినా పర్లేదు, తాడు రెండో కొస పట్టుకుంటే చాలు.

– వస్తానండి.