"ఒకప్పటి స్నేహితురాలు", "పాత స్నేహితురాలు": ఈ రెండూ ఒకటేనా?

గ్రూపులో పెద్దలకు నమస్కారం. ఉత్తరం చివర "ఇట్లు" తర్వాత వచ్చే మాట దగ్గర ఆగిపోయాను, సాయం చేయండి.

అబిగెయిల్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్ రాసుకున్న ఉత్తరాలు తెలుగులోకి తెస్తున్నాను. 1785లో అబిగెయిల్ భర్త జాన్ ఆడమ్స్ లండన్‌లో అమెరికా రాయబారి, జెఫర్సన్ పారిస్‌లో అమెరికా రాయబారి. అప్పటి ఉత్తరాల్లో ఇంటి సామాన్ల సంగతులే ఎక్కువ. ఈవిడకి పారిస్ నుంచి జోళ్లు, ఆయనకి లండన్ నుంచి బల్ల మీద పరిచే గుడ్డలు. ఆవిడ భోజనాల బల్లకి బొమ్మలు కొంటూ, అందాల దేవత వీనస్ బొమ్మ చూపించారు గానీ ఒకే బల్ల దగ్గర ఇద్దరు వీనస్‌లు బాగుండదని వద్దన్నాను అంటాడాయన. ఎంత ముచ్చటైన పొగడ్తో!

1800 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో జాన్ ఆడమ్స్ జెఫర్సన్ చేతిలో ఓడిపోయాక మాటలు తెగిపోయాయి. 1804 ఏప్రిల్‌లో జెఫర్సన్ కూతురు పాలీ చనిపోయింది. ఎనిమిదేళ్ల వయసులో సముద్రం దాటి వచ్చిన ఆ పిల్లని లండన్‌లో అక్కున చేర్చుకున్నది అబిగెయిలే. విడిపోయేటప్పుడు తన మెడ పట్టుకుని ఏడ్చిన పిల్లని తలుచుకుంటూ పరామర్శ రాసింది. చివర్లో మాత్రం, ఒకప్పుడు మీ స్నేహితురాలినని రాసుకోవడంలో ఆనందం పొందిన మనిషిగా ముగించింది.

మన అలవాటు ప్రకారం "మీ శ్రేయోభిలాషి" అని పెడితే అంతా చెడిపోతుంది. ఆయన మేలు కోరడం ఆవిడ మానలేదు కదా, ఉత్తరమే అందుకు రాసింది. "నెచ్చెలి" ఆడవాళ్ల మధ్య మాట. అందుకే "స్నేహితురాలు" ఉంచి, మూలంలో ఉన్న "సంతకం చేయడం" తీసేసి "రాసుకోవడం" అన్నాను. తనను తాను అలా చెప్పుకుంది అనే భావం ఆ "కోవడం"లోనే ఉంది.

అసలు చిక్కు 1813లో. జాన్ ఆడమ్స్ జెఫర్సన్‌కి రాసిన ఉత్తరంలో కాస్త చోటు దొరికితే, అబిగెయిల్ ఈ స్నేహితురాలి నమస్కారాలు కూడా అని నాలుగు ముక్కలు చేర్చింది. తొమ్మిదేళ్ల కిందట వెనక్కి తీసుకున్న మాటే తిరిగొచ్చింది! అక్కడ తన స్నేహం పాతదని చెబుతుంది. "పాత స్నేహితురాలు" అంటే మనకి ఇప్పుడు కాదు అనే అర్థం కూడా వస్తుంది, 1804 ఉత్తరానికి సరిపోయే అర్థం అది. "చిరకాల స్నేహితురాలు" అందామంటే సన్మాన పత్రంలా ఉంది. ఇంట్లో మాట్లాడుకునే మాట ఏదైనా మీకు తడుతుందా?