బిరడానా, లాకా? పిల్లల నీళ్ల రాకెట్‌కి ఏది మంచిది?

సైన్సు టీచర్: ఆగస్టు 23 అంతరిక్ష దినోత్సవానికి మా హైస్కూల్ పిల్లలతో నీళ్ల రాకెట్లు ఎగరేయించాలని ఉంది. ఒక పద్ధతిలో సీసా మూతికి రబ్బరు బిరడా బిగించి, దానిలోంచి సైకిల్ ట్యూబు వాల్వు దూర్చి పంపు కొడతాం. బిరడా ఊడితే రాకెట్ లేస్తుంది. రెండోది లాక్: పీవీసీ పైపు, కేబుల్ టైలతో మూతిని పట్టి ఉంచి, తాడు లాగి వదిలేది. మా తోటి మాస్టారు లాక్ వద్దంటే వద్దంటున్నారు. మీరేమంటారు?

గాలిపటం: మాస్టారిదే రైటు. ఒత్తిడి ఎక్కువైతే బిరడా దానంతటదే ఊడిపోతుంది. లాక్ పెట్టారా, పిల్లలు ఆగరు. "ఇంకో నాలుగు కొడదాం సార్" అంటారు.

కృష్ణా తీరం: ఊడుతుంది సరే, ఎప్పుడు ఊడుతుందో చెప్పగలరా? మేం బిరడాని మరీ గట్టిగా దిగ్గొట్టాం. పదిహేను పంపులు కొట్టినా కదల్లేదు. ఏమైందా అని మా తమ్ముడు వంగి చూశాడు, సరిగ్గా అప్పుడే లేచింది. కళ్లద్దాలు ఎగిరి కాలువలో పడ్డాయి. కన్ను దక్కింది, అంతే చాలు. లాక్ అయితే దూరంగా నిలబడి, అందరూ తప్పుకున్నాకే తాడు లాగొచ్చు.

గాలిపటం: లాక్ ఇరుక్కుంటే? గాలి నిండిన సీసా దగ్గరికి ఎవరెళ్తారండీ?

పాత పంపు: ఎవరూ వెళ్లక్కర్లేదు. పంపు నుంచి వచ్చే గొట్టానికి మనవైపు ఒక టీ (మూడు దారుల జాయింటు) వేసి చిన్న కొళాయి పెట్టండి. తిప్పితే గాలి పోతుంది. గాలిని వెనక్కి రానివ్వని వాల్వు దాటాక పెట్టాలి, ముందు పెడితే సీసాలో గాలి అలాగే ఉంటుంది.

అసలు మీరిద్దరూ సీసా సంగతే ఎత్తలేదు. కూల్‌డ్రింక్ సీసాయే వాడాలి, అది గ్యాస్ ఒత్తిడికి తట్టుకునేలా చేసింది. మంచినీళ్ల సీసా పలచన, దాని జోలికి పోవద్దు. రెక్కలు టేపుతో అంటించండి. వేడి జిగురు తగిలితే ప్లాస్టిక్ బలహీనపడుతుంది. గీతలు పడినదీ, నొక్కుకుపోయినదీ పారేయండి. అనుమానమొస్తే నిండా నీళ్లు పోసి పంపు కొట్టి చూడండి. నీరు గాలిలా నొక్కుకుపోదు కాబట్టి పగిలినా పెద్దగా పేలదు. ఎగరేసేటప్పుడు మాత్రం మూడో వంతు నీళ్లు చాలు. ఎక్కువ పోస్తే బరువు, తక్కువైతే తోసేందుకు సరుకుండదు. పిల్లలకి 40 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చాలు. మైదానం దాటిపోతే వెతుక్కునేది మీరే!

గాలిపటం: కొళాయి సంగతి ఒప్పుకుంటా. ఆరో తరగతి వాళ్లకైతే ఇప్పటికీ బిరడానే అంటాను, బిరడా లూజుగా పెట్టి.

సైన్సు టీచర్: నిన్న లాక్‌తో ట్రయల్ వేశాం. గేజి మీద 40 దగ్గర ఎర్ర స్కెచ్‌పెన్‌తో గీత గీశాను. మొదటిది తాడు లాగినా కదల్లేదు, కొళాయి తిప్పాల్సొచ్చింది! రెండోది వేపచెట్టెక్కి కూర్చుంది. మా మాస్టారు ఇంకా మెత్తబడలేదు. అందుకే ఆ రోజు పంపు ఆయన చేతికే ఇస్తున్నా.