గుడిమల్లం వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి: మోకాళ్ల నొప్పులున్న అమ్మను తీసుకెళ్లొచ్చా?

పాతగుళ్ల_పిచ్చి:
వచ్చే నెల తిరుమల దర్శనం అయ్యాక తిరుగు రైలుకు ఒక పూట ఖాళీ ఉంది. తిరుపతి దగ్గరి గుడిమల్లంలో శివుణ్ణి, పరశురామేశ్వరుణ్ణి చూడాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. అమ్మకు 70 దాటాయి, మోకాళ్లు సహకరించవు. మెట్లు చాలా ఎక్కాలా? ఇంకోటి, లింగం మీద చెక్కిన శివుడి రూపం పూర్తిగా కనబడుతుందా? పోయినసారి వేరే గుడిలో మూడు గంటలు క్యూలో నిలబడి చివరికి చూసింది పూలదండను.

రేణిగుంట_కుర్రోడు:
ఎక్కడం కాదన్నా, దిగడం. గర్భగుడి, దాని ముందున్న మండపం కంటే లోతులో ఉంటుంది. అమ్మగారిని పట్టుకుని దింపితే చాలు. క్యూ గురించి టెన్షన్ వద్దు, శివరాత్రికి, కార్తీక సోమవారాలకు తప్ప జనం పలచగానే ఉంటారు. రేణిగుంట మీదుగా పాపానాయుడుపేట వచ్చి అక్కడి నుంచి లోపలికి పోవాలి. ఆటో మాట్లాడుకుంటే రానుపోను మాట్లాడుకోండి. ఊళ్లో తిరుగు ఆటో కోసం చూస్తూ కూర్చుంటే మీ రైలు వెళ్లిపోతుంది.

పూసలపేట_అక్క:
పాపానాయుడుపేట పేరు వినబడగానే వచ్చేశాను! మా పేట గాజుపూసలకు పేరున్న ఊరు. కరిగిన గాజును సన్నటి గొట్టంలా లాగి, ముక్కలు కోసి పూసలు చేసేవాళ్లు. గుడికి పోయేవాళ్లు ఒక్కరూ మా ఊళ్లో ఆగరు, అదే నా బాధ. సరే, గుడి సంగతి: అభిషేకం వేళకు పోండి. అలంకారం అయ్యాక వస్త్రం, దండలే కనబడతాయి. అభిషేకం అప్పుడైతే పైనుంచి కింద దాకా చూడొచ్చు.

మధ్యాహ్నం_భక్తుడు:
నా అనుభవం వినండి. 12.40కి చేరా. తలుపులు మూసేశారు. ఎండ మండిపోతోంది. కావలాయన "సాయంత్రం రండి సామీ" అని లోపలికి పోయాడు. అరుగు మీద ఓ పెద్దాయన మజ్జిగ ఇప్పించి స్థలపురాణం చెప్పాడు. పరశురాముడు ఇక్కడ శివుణ్ణి పూజించేవాడట. కొలనులో రోజుకు ఒక్కటే పువ్వు పూసేది. దానికి కాపలా చిత్రసేనుడనే యక్షుడు, జీతం రోజుకో జంతువు, ఒక కుండ కల్లు. ఒకరోజు ఆ యక్షుడే పువ్వు తీసుకెళ్లి శివుడికి పెట్టేశాడు. ఇద్దరూ తన్నుకున్నారు, అక్కడ పెద్ద గుంట పడింది. గుడి పల్లమే గుడిమల్లం అయిందని ఆయన లెక్క. కొట్లాట తీరక శివుడు ఇద్దర్నీ తనలో కలుపుకున్నాడట. లోపలికి వెళ్లకుండానే నాకు సగం దర్శనం అయిపోయింది.

శాసనాల_మావయ్య:
కథ బాగుంది గానీ, గుడిలోని పాత శాసనాల్లో గుడిమల్లం అన్న పేరే లేదు బాబూ. ఊరిని తిరువిప్పిరంబేడు అన్నారు. పల్లవుల, బాణుల, చోళుల కాలపు శాసనాలున్నాయి. ఇప్పుడు కనబడే రాతికట్టడం చోళుల నాటిది, వెనక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది, బయటి నుంచి ఒక చుట్టు చుట్టి చూడండి. లింగం మాత్రం అంతకంటే ఎంతో పాతది. 1911లో పురావస్తు పండితుడు గోపీనాథరావు గారు దీని గురించి లోకానికి చెప్పారు. 1973లో కేంద్ర పురావస్తుశాఖ తవ్వితే కింద పాత ఇటుక గుడి ఆనవాళ్లు బయటపడ్డాయి. లింగం క్రీస్తుపూర్వం రెండో శతాబ్దపుదని కొందరు, తర్వాతదని కొందరు. "ప్రపంచంలోనే మొదటి లింగం" అని బల్లగుద్ది చెప్పేవాళ్లను నేను నమ్మను. అయినా ఇంత పాత లింగానికి ఇప్పటికీ దీపం పెడుతున్నారంటే నాకు అది చాలు.

డల్లాస్_కోడలు:
మొహమాటంగానే అడుగుతున్నా. ఈసారి ఇండియా వచ్చినప్పుడు పిల్లల్ని తీసుకెళ్దామని ఫొటోలు చూశాను. లింగం ఆకారం చాలా... స్పష్టంగా ఉంది. పదేళ్లవాడు అడిగితే ఏం చెప్పను?

పూసలపేట_అక్క:
ఉన్నదే చెప్పమ్మా. మా నాయనమ్మ మాకు అలాగే చెప్పింది, "సృష్టికి మూలం, దండం పెట్టుకో" అని. మాకెవరికీ సిగ్గనిపించలేదు. సిగ్గంతా పెద్దయ్యాక వచ్చింది.

రేణిగుంట_కుర్రోడు:
నీళ్ల సంగతి ఎవరూ చెప్పలేదేం? 60 ఏళ్లకోసారి గర్భగుడిలోకి భూమిలోంచి నీళ్లు ఉబికి లింగాన్ని ముంచుతాయని ఊళ్లో నమ్మకం. 2005 డిసెంబరు 4న అలా వచ్చాయని గుడివాళ్లు చెబుతారు.

మధ్యాహ్నం_భక్తుడు:
డిసెంబరంటే మన జిల్లాలో వానల కాలం, పక్కనే స్వర్ణముఖి, గర్భగుడేమో పల్లంలో. నీళ్లు రాకపోతేనే ఆశ్చర్యపోవాలి కదా!

రేణిగుంట_కుర్రోడు:
మరి ఏటా ఎందుకు రావన్నా?

శాసనాల_మావయ్య:
ఇద్దరూ ఆగండి, పాపం ఆయన అడిగింది మోకాళ్ల గురించి.

పాతగుళ్ల_పిచ్చి:
వెళ్లొచ్చాం! అక్క చెప్పినట్టు పొద్దున్నే అభిషేకానికి చేరాం. అమ్మ నా భుజం పట్టుకుని దిగింది. అయిదడుగుల లింగం, నల్లగా మెరుస్తోంది. పాలు కారుతుంటే ఒక్కొక్కటీ బయటపడింది: కుడిచేతిలో కాళ్లు పట్టి వేలాడదీసిన పొట్టేలు, ఎడమచేతిలో చిన్న చెంబు, ఎడమ భుజం మీద గొడ్డలి. పంచె ఎంత పలచగా చెక్కారంటే మడతలు లెక్కపెట్టొచ్చు. జంధ్యం లేదు. పాదాల కింద గొంతుక్కూర్చున్న యక్షుడు అంత బరువు మోస్తూ కూడా నవ్వుతున్నట్టున్నాడు. ఫొటో తీయనివ్వలేదు, మంచిదే అయింది, కళ్లతో చూశాను.

అమ్మ చాలాసేపు ఆ పొట్టేలునే చూసింది. "మన పోలేరమ్మ జాతరకు మీ తాతయ్య తెచ్చినట్టే పట్టుకున్నాడ్రా" అంది. పైకి రావడానికి మాత్రం పది నిమిషాలు పట్టింది. వస్తూ పాపానాయుడుపేటలో ఆగాం అక్కా, అమ్మకు నీలం పూసలు కొన్నాను.