మాంద్యం వస్తే ఊరి చివరి మాల్స్ నిలబడతాయా? మా బావగారు షాపు కొంటానంటున్నారు

ఉప్పల్ వాసి:
మా బావగారు ఈమధ్యే రిటైర్ అయ్యారు. చేతికొచ్చిన డబ్బులో సగానికి పైగా పెట్టి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర కడుతున్న ఒక మాల్‌లో చిన్న షాపు కొంటానంటున్నారు. మూడేళ్లు అద్దె గ్యారంటీ అని ఏజెంట్ రాసిస్తాడట. నాకేమో భయంగా ఉంది. ఒకపక్క ఐటీలో ఉద్యోగాలు ఊడుతున్నాయి, ఇంకోపక్క పాలూ పెరుగూ పది నిమిషాల్లో గుమ్మం దగ్గరికే వస్తున్నాయి. రేపు నిజంగా మార్కెట్ పడిపోతే అంత దూరం జనం వస్తారా? తెలిసినవాళ్లు చెప్పండి, అక్క రోజూ ఫోన్ చేసి అడుగుతోంది.

కొత్తపేట బాబాయ్:
భయపడక్కర్లేదు. 2008 సెప్టెంబర్‌లో అమెరికాలో లీమన్ బ్రదర్స్ బ్యాంకు మునిగింది. 2009 జనవరి 7న మన సత్యం కంప్యూటర్స్ దొంగ లెక్కల బాగోతం బయటపడింది. హైదరాబాద్‌కి అంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది? అదే 2009లో మాదాపూర్‌లో ఇనార్బిట్, బంజారాహిల్స్‌లో జీవీకే వన్ తెరిచారు. అప్పట్లో ఇనార్బిట్ ఉన్నది ఊరి మధ్యలోనా? ఇప్పుడు శనివారం సాయంత్రం ఆ వైపు బండి కదలదు. ఓపిక ఉన్నవాడిదే డబ్బు. బావగారిని ధైర్యంగా కొనమనండి.

మియాపూర్ మధ్యతరగతి:
పార్కింగ్ సంగతి ఎవరూ మాట్లాడరేం? జనం రాకపోవడానికి అసలు కారణం అదే. 2018లో మాల్స్ పార్కింగ్ మీద తెలంగాణ ప్రభుత్వం జీవో 63 ఇచ్చింది. మొదటి అరగంట ఫ్రీ. అరగంట నుంచి గంట దాకా ఏదో ఒకటి కొన్న బిల్లు చూపిస్తే ఫ్రీ. గంట దాటితే పార్కింగ్ ఛార్జీ కంటే బిల్లు ఎక్కువ ఉంటే ఫ్రీ. మొన్న ఒక మాల్‌లో బిల్లు చూపించినా డబ్బులు అడిగారు, వెనకాల కార్లన్నీ హారన్లు, మా ఆవిడ ఇచ్చేయండి ఇచ్చేయండి అని గొడవ.

పిల్లల బట్టల కొట్టు:
బాబాయ్ గారూ, ఇనార్బిట్‌ని చూపించి షాపు కొనమనడం అన్యాయం. అది రహేజా వాళ్లది, షాపులు అద్దెకే ఇస్తారు. మొత్తం ఒక్కరి చేతిలో ఉంటే ఏ అంతస్తులో ఏది ఉండాలో వాళ్లే చూసుకుంటారు, అమ్మకాలు పడిపోయినప్పుడు అద్దె తగ్గించయినా సరే పేరున్న బ్రాండ్‌ని పోనివ్వరు, అది పోతే చుట్టుపక్కల షాపులూ పోతాయని వాళ్లకి తెలుసు కాబట్టి. ఉప్పల్ వాసి గారు అడిగింది అలాంటిది కాదు. బిల్డర్ ముక్కలు ముక్కలుగా వందమందికి అమ్మేసి చేతులు దులుపుకుంటాడు. ఒకరి షాపులో మొబైల్ కవర్లు, పక్కన కోచింగ్ సెంటర్, ఆ పక్కది తాళం, దాని ఓనర్ అమెరికాలో. అద్దె తగ్గిద్దామని ఒకరంటే ఇంకొకరు ఒప్పుకోరు. మాంద్యం రాకముందే సగం ఖాళీ.

నేను అలాంటి చోటే కొట్టు పెట్టాను, పేరు చెప్పను. జనం రాలేదంటే అబద్ధం. ఆదివారం బాగానే వచ్చేవాళ్లు. ఏసీలో తిరిగి, పిల్లల్ని ఎస్కలేటర్ ఎక్కించి దింపి, కింద స్వీట్‌కార్న్ తిని ఇంటికెళ్లేవాళ్లు. చేతిలో డబ్బు ఆడనప్పుడు మాల్‌కి రావడం మానరండీ, కొనడం మానేస్తారు. ఫుట్‌ఫాల్, అంటే మాల్‌కి వచ్చే జనం, పెరిగిందని మేనేజర్ మెసేజ్ పెట్టిన రోజే నాకు బోణీ కాకపోవడం కూడా చూశాను. మినిమం గ్యారంటీ అని ఒకటుంటుంది, అమ్మినా అమ్మకపోయినా అది కట్టాల్సిందే, అమ్మకం బాగుంటే పైన వాటా కూడా ఇవ్వాలి. దాని మీద 18 శాతం జీఎస్టీ. ఆపైన క్యామ్ ఛార్జీలు, అంటే లిఫ్టులకీ ఏసీకీ సెక్యూరిటీకీ చదరపు అడుగుకి ఇంత అని. పక్క షాపులు ఖాళీ అయితే ఎస్కలేటర్ సగం తిరగదు కదా, వాళ్ల వాటా కూడా మా నెత్తినే పడింది.

కొత్తపేట బాబాయ్:
వ్యాపారం చేతకాకపోతే మాల్‌ని తిట్టకూడదమ్మా. అదే ఊరి చివర జూడియో బట్టల షాపు ముందు క్యూ కడుతున్నారు. డీమార్ట్‌లో ట్రాలీ దొరకదు. వాళ్లకి లేదా మాంద్యం? 2009లో నిలబడ్డవి నిలబడ్డాయి, నేను చెప్పేది అంతే.

నల్లకుంట నుంచి:
2009లో షట్టర్లు దింపించింది ఒక్క మాంద్యమేనా? ఆ ఏడాది చివర్నుంచి తెలంగాణ ఉద్యమం, బంద్‌లు. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు. ఆ లెక్క తీయకుండా 2009 గురించి మాట్లాడకండి.

కొత్తపేట బాబాయ్:
ఇనార్బిట్ తెరిచింది 2009లోనా కాదా? అది చెప్పండి.

నల్లకుంట నుంచి:
నేను బంద్‌ల గురించి చెబుతున్నాను.

ఫ్రిస్కో పిల్లోడు:
ఇక్కడ టెక్సస్‌లో చూస్తున్నాం. సియర్స్ 2018లో దివాలా, జేసీపెన్నీ 2020లో దివాలా. అలాంటి పెద్ద స్టోర్ మూతపడితే చిన్న షాపులవాళ్ల అగ్రిమెంట్లలో చాలావాటికి ఒక షరతు ఉంటుంది, పెద్ద షాపు పోతే మా అద్దె తగ్గాలి, లేదా మేం ఖాళీ చేయొచ్చు అని. దాంతో ఒకటి పోయాక మిగతావి వరసగా పోతాయి. సబర్బ్ మాల్స్ కొన్నిట్లో ఇప్పుడు నడుస్తున్నది వాకింగ్ ఒక్కటే, పొద్దున్నే పెద్దవాళ్లు వచ్చి నడుస్తారు.

పిల్లల బట్టల కొట్టు:
ఆ షరతు నా అగ్రిమెంట్‌లో ఉంటే ఇవాళ ఈ గోల ఉండేది కాదు. మా మాల్‌లో కింద పెద్ద సూపర్‌మార్కెట్ పోయింది. దేశమంతా బిగ్‌బజార్ స్టోర్లు 2022 ఫిబ్రవరిలో రిలయన్స్ చేతికి పోవడం చూశాం కదా, పెద్దది కదిలితే ఏమవుతుందో అందరికీ తెలుసు. మాకు మాత్రం లాకిన్ మూడేళ్లు, మధ్యలో వెళ్తే అడ్వాన్స్ రాదు. బాబాయ్ గారికి జవాబు: డీమార్ట్ చాలా చోట్ల సొంత బిల్డింగ్‌లో ఉంటుంది, దానికి అద్దె టెన్షన్ లేదు. జూడియో వెనక టాటాలున్నారు. నా వెనక నా చీటీ డబ్బులున్నాయి.

రెండో ఫ్లోర్ సేల్స్:
అమ్మకం తగ్గితే ముందు తీసేది మమ్మల్ని. ఇద్దరం చేసే పని ఒక్కదాన్నే చేస్తున్నా. కస్టమర్ లేకపోయినా కూర్చోకూడదు. ఊరి చివర కాబట్టి రాత్రి మూసేసరికి బస్సు ఉండదు, జీతంలో ఆటోకే చాలా పోతుంది.

మియాపూర్ మధ్యతరగతి:
స్టాఫ్‌కి పార్కింగ్ ఫ్రీనా?

రెండో ఫ్లోర్ సేల్స్:
స్టాఫ్ బండ్లు బయట రోడ్డు మీదే అన్నా.

కూకట్‌పల్లి కుర్రాడు:
మా దగ్గర మంజీరా మాల్ కూడా డల్ అయింది, 2023లో లూలూ వచ్చింది, మొదటి వారం ఆ రోడ్డంతా జామ్. చచ్చిన మాల్ కూడా లేస్తుంది బాస్.

పిల్లల బట్టల కొట్టు:
లేచింది మాల్ బ్రదర్, అంతకుముందు అక్కడ నష్టపోయిన చిన్నవాళ్లు కాదు. పైగా అంత పెద్ద కంపెనీ రావాలంటే స్థలం మొత్తం ఒకేసారి దొరకాలి. వందమంది ఓనర్ల దగ్గర వంద సంతకాలు ఎవరు పెట్టిస్తారు?

కొత్తపేట బాబాయ్:
ఓనర్లు ఓనర్లు అని అంటున్నావు. నేనూ ఒక ఓనర్నే, చెప్తున్నా విను. పీఎఫ్ డబ్బూ, కొంత బ్యాంకు లోనూ కలిపి ఒక మాల్‌లో షాపు కొన్నాను. అద్దెకి వచ్చినవాడు 2020లో లాక్‌డౌన్ అనగానే ఫోన్ ఎత్తడం మానేశాడు. మార్చి నుంచి జూన్ 8 దాకా మాల్స్ మూతే, ఒప్పుకుంటా. తెరిచాక? అద్దె సగం చేయమన్నాడు, చేశాను. ఇంకా తగ్గించమన్నాడు. ఒకరోజు సెక్యూరిటీ చేతికి తాళాలిచ్చి పోయాడు. కరెంటు బకాయి నేను కట్టాను. మెయింటెనెన్స్ ఇప్పటికీ నేనే కడుతున్నా, ఖాళీ గదికి! బాగున్నప్పుడు లాభం మీది, బాగోలేనప్పుడు నష్టం మాదా?

పిల్లల బట్టల కొట్టు:
అమ్మయ్య, ఇప్పటికి బయటికొచ్చింది. షాపు ఖాళీగా పెట్టుకుని ఇంకొకరిని అదే ఊబిలోకి రమ్మంటున్నారా సార్? ధైర్యంగా కొనమనండి అని రాశారు పైన.

కొత్తపేట బాబాయ్:
నా షాపు ఖాళీ అయింది స్థలం బాగోలేక కాదు, నీలాంటివాళ్లు మాట మీద నిలబడక.

పిల్లల బట్టల కొట్టు:
మాట మీద నిలబడే పుస్తెలగొలుసు తాకట్టు పెట్టి మూడు నెలలు కట్టాను. చివరికి అడ్వాన్స్ కూడా ఇవ్వలేదు. రంగులు వేయించాలట, నేల పగిలిందట. మీరు బిల్డింగ్ కొన్నారు సార్, అది ఎప్పటికైనా మీదే. నేను వేయించిన రాక్‌లూ లైట్లూ పాత ఇనుము రేటుకి పోయాయి. అమ్మకంలో వాటా మాత్రమే తీసుకోండి, ఫిక్స్‌డ్ అద్దె వద్దు, అప్పుడు మీరూ నేనూ ఒకే పడవలో ఉంటాం. ఉప్పల్ వాసి గారూ, బావగారు అలా ఇస్తారేమో అడగండి. అలా బతకలేని షాపైతే కొనొద్దు.

కొత్తపేట బాబాయ్:
నా ఈఎంఐని బ్యాంకువాడు నీ అమ్మకంలో వాటాగా తీసుకుంటాడా?

ఉప్పల్ వాసి:
ఇంతకీ ఆ మూడేళ్ల గ్యారంటీ ఇచ్చేది ఎవరు? కాగితం తెప్పించి చూశాను. సంతకం బిల్డర్ది కాదు, వేరే ఏదో కంపెనీది.

నల్లకుంట నుంచి:
అయితే ఆ గ్యారంటీకి గ్యారంటీ ఎవరు? మీరు కట్టిన ధరలోంచే మీకు మూడేళ్లు నెలనెలా తిరిగిస్తారు, నాలుగో ఏడు అసలు అద్దె ఎంతో తెలుస్తుంది. వాళ్ల మామూలు పద్ధతే ఇది. ఆ కంపెనీ బ్యాలెన్స్‌షీట్ అడగండి.

కొత్తపేట బాబాయ్:
అందరూ అలా చేయరు. నాకు మొదటి మూడేళ్లు ఠంచనుగా వచ్చింది.

నల్లకుంట నుంచి:
నేను చెప్పిందీ అదే.

కూకట్‌పల్లి కుర్రాడు:
బాబాయ్ గారూ, మీ షాపు ఇంకా ఖాళీయేనా? మా ఫ్రెండ్ బిర్యానీ వ్యాపారానికి షాపు చూస్తున్నాడు, డెలివరీ మాత్రమే, కస్టమర్లు రానక్కర్లేదు. అద్దె తక్కువైతే రేపే వస్తాడు.

కొత్తపేట బాబాయ్:
రమ్మను. అడ్వాన్స్ పది నెలలది ముందే ఇవ్వాలి, తాళాలు సెక్యూరిటీకి ఇవ్వకూడదు, నా చేతికే ఇవ్వాలి.

పిల్లల బట్టల కొట్టు:
పది నెలలా!